కొక్కెం కర్రకి కట్టిన ఫ్లాష్

ఫొటో బాగా రాలేదని నా మీద కేకలేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫొటో బాగా రాలేదని థాంక్స్ చెప్పిన మనిషిని మాత్రం నా ఇరవై ఏడేళ్ళలో ఒక్కర్నే చూశాను.

ఆ మనిషి పేరు ఉజ్వల. నరసరావుపేట మార్కెట్ వీధిలో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు శివరామయ్యగారికి ఒక్కతే కూతురు. ఆమె కంటే ముందు వాళ్ళమ్మ వచ్చారు కాబట్టి, ముందు ఆవిడ సంగతే చెప్పాలి.

ఆ రోజు పొద్దున పదింటికి కోటేశ్వరిగారు మా స్టూడియో గాజుతలుపు తోసుకుని వచ్చి, బల్ల మీద ఒక ఫొటో పడేశారు. నెల కిందట వాళ్ళమ్మాయికి పెళ్ళిసంబంధాల కోసం నేనే తీసిన ఫొటో అది. నీలం చీర, పూలజడ, వెనకాల మా స్టూడియో తెర, అంతా లక్షణంగానే ఉంది. తంటా అంతా కళ్ళజోడు దగ్గరే. రెండు అద్దాల మీదా రెండు తెల్లటి బిళ్ళలు పడ్డాయి. వాటి వెనకాల కళ్ళున్నాయో లేవో పైవాడికే తెలియాలి.

ఆ ఫొటో వినుకొండ సంబంధం వాళ్ళకి వెళ్ళిందట. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చూసి, పిల్ల కంట్లో పువ్వుందనీ, అది కనపడకుండా ఫొటోలో ఏదో చేయించారనీ తేల్చేసింది. సంబంధం వెనక్కి పోయింది. పోతే పోయింది, ఆ మాట మాత్రం వినుకొండలో బస్సెక్కి పేటలో దిగింది. నిన్న కన్యకాపరమేశ్వరి గుళ్ళో ఎవరో కోటేశ్వరిగార్ని, అమ్మాయికి కంటి ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తున్నారని అడిగారట.

"ఆ కళ్ళజోడు తీసెయ్యమని నేను ఆరోజే అన్నా. అది వినలా. నువ్వన్నా చెప్పొద్దా?" అన్నారావిడ.

నేనూ చెప్పానండీ, ఆమే వినలేదండీ అన్నాను. వినకపోతే తియ్యడం మానెయ్యాలి గాని ఇట్లా పిల్ల బతుకు పాడుచేస్తారా అని ఆవిడ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోడుతో తీస్తే ఎవరు తీసినా అంతే, కావాలంటే గుంటూరెళ్ళి తీయించుకోండి అనేశాను. ఆవిడ ఫొటో అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అన్నం తినబోతే నాకు సహించలేదు. అంత పెద్దావిడని అట్లా అనాల్సింది కాదు.

మర్నాడు మధ్యాహ్నం వాన. కరెంటు పోయింది. ఉజ్వల గొడుగు ముడిచి గుమ్మంలో ఆనించి లోపలికొచ్చింది. రెండో విడత తిట్లకి నేను నడుం బిగించాను.

ఆమె స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి, చినుకులు చున్నీతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను తేరిపార చూసింది. కళ్ళలో పువ్వూ లేదు, కాయా లేదు. పెద్ద కళ్ళు, ఎదుటి మనిషిని ఒక ప్రశ్నన్నా అడక్కుండా వదలని కళ్ళు. వీటినా నేను తెల్ల బిళ్ళల కింద పూడ్చిపెట్టింది అనుకుని సిగ్గుపడ్డాను.

థాంక్స్ చెప్పి పోదామని వచ్చానంది. ఎందుకండీ అన్నాను.

"ఆ వినుకొండ అబ్బాయి నాతో ఫోన్లో పది నిమిషాలు మాట్లాడాడు. అందులో తొమ్మిది నిమిషాలు వాళ్ళ కారు మైలేజి గురించే. మీ ఫొటో నన్ను కాపాడింది. ఇంకో సంబంధం వచ్చినా ఇట్టాగే తియ్యండి."

అంతటితో లేచి వెళ్ళిపోతే ఈ కథే లేదు. ఆమె బల్ల మీదున్న కెమెరా వంక చూసి, దాని నెత్తినున్న ఫ్లాష్‌ని వేలితో తట్టింది. దీన్ని ఇక్కడే ఎందుకు పెడతారని అడిగింది.

ఇదేం ప్రశ్న. బొట్టు నుదుటి మీదే ఎందుకు పెడతారంటే ఏం చెప్తాం. అది పెట్టే చోటే అదండీ, దానికోసమే పైన గాడి ఉంటుంది అన్నాను.

"గాడి ఉందని పెడతన్నారా, అక్కడే పెట్టాలని గాడి చేశారా?"

ఎనిమిదేళ్ళ నుంచి పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పంచెకట్లు తీస్తున్నాను. పల్నాడులో నేను తియ్యని కల్యాణమండపం లేదు. ఒక్కసారి కూడా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. తట్టనందుకు నా మీద నాకు, అడిగినందుకు ఆమె మీద, ఇద్దరి మీదా కోపం వచ్చింది.

ఉజ్వల ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. సంబంధం కుదిరేదాకా ఇంట్లో కూర్చోమనేసరికి, ఆ చదువు ఎక్కడ చూపించాలో తెలియక వాళ్ళ కొట్లో గిన్నెల మీద చూపిస్తోంది. కొట్టు సామాన్లన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుందట. ఏ గిన్నెకి తీసినా మధ్యలో తెల్లటి మరకే. విసుగొచ్చి ఒకరోజు ఫోన్ ఫ్లాష్ ఆపేసి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూస్తే మరక మాయమైందట. అప్పట్నుంచీ ఆమెకి నా ఫొటో మీద అనుమానం.

"క్యారమ్స్ ఆడతారా?" అంది.

ఆడతానన్నాను.

"స్ట్రైకర్ని గోడకేసి తిన్నగా కొడితే యాడికొచ్చిద్ది? మీ చేతికే. పక్కనించి కొడితే అవతలకి పోయిద్ది. నా అద్దాలు ఆ గోడ. మీరు ఫ్లాష్‌ని కెమెరా నెత్తిన పెట్టుకుని తిన్నగా కొడతన్నారు. అది తిరిగొచ్చి మీ కెమెరాలోనే పడతంది. దాన్ని కిందికి దించి పక్కన పెట్టి చూశారా ఎప్పుడన్నా?"

లేదు. కానీ పెట్టే సరంజామా నా దగ్గరుంది. రెండేళ్ళ కిందట సరదాపడి ఒక ట్రిగ్గర్ కొన్నాను. రెండు చిన్న డబ్బాలు. ఒకటి కెమెరా నెత్తిన, ఇంకోటి ఫ్లాష్ కింద తగిలిస్తే, ఇక్కడ బటన్ నొక్కగానే అక్కడ ఫ్లాష్ వెలుగుతుంది, తీగ అక్కర్లేదు. కొన్నానే గాని వాడలేదు. పెళ్ళిలో ఫ్లాష్‌కి విడిగా స్టాండు పెడితే అక్షింతలకని ఎగబడే జనం దాన్ని పడగొట్టేస్తారని సాకు చెప్పుకున్నాను. సగం అది నిజం, మిగతా సగం బద్ధకం.

సొరుగులోంచి తీసి దుమ్ము దులిపి తగిలించాను. కరెంటు లేకపోయినా ఫ్లాష్‌లో సెల్స్ ఉన్నాయి. ఉజ్వల తనే ఫ్లాష్ పట్టుకుని చెయ్యి పక్కకి చాపింది. నొక్కాను. అద్దాల మీద బిళ్ళ లేదు గాని, అంచున తెల్లటి గీత మిగిలింది. ఇంకా పైకెత్తితే అదీ పోతుందంది. పైకెత్తింది. చెయ్యి అందలేదు. స్టూలెక్కుతానంటే నేనే వద్దన్నాను, ఒక కాలు విరిగిన స్టూలు అది, మెల్లగా కూర్చుంటే తప్ప ఆగదు.

రేపొస్తానని వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా అమ్మ అన్నపూర్ణ రెండుసార్లు పప్పు వెయ్యనా అని అడిగితే రెండుసార్లూ క్యారమ్స్ అన్నానట. నాకు గుర్తు లేదు.

మర్నాడు ఆమె కొక్కెం కర్రతో దిగింది. సామాన్ల కొట్లలో బకెట్లూ మూకుళ్ళూ పైకప్పుకి వేలాడదీస్తారు గదా, వాటిని దించే కర్ర. ఆరడుగుల వెదురు, చివర ఇనప కొక్కెం. ఆ కొక్కేనికి సైకిల్ ట్యూబ్ ముక్కతో ఫ్లాష్‌ని కట్టింది. కర్రని ఎడమ పక్కన పైకెత్తి, నా మొహం వైపు వంచి పట్టుకుని, ఇప్పుడు చెప్పండి అన్నట్టు చూసింది. ఎనిమిదేళ్ళ నా వృత్తిని ఆ పిల్ల రెండు రోజుల్లో కిందికి దించి పక్కన పెట్టింది.

కొట్టు సామాన్లకి మంచి ఫొటోలు తీయాలన్న నెపంతో రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వాళ్ళ కొట్టు మేడ మీదికి నన్ను రమ్మంది. శివరామయ్యగారు ఒప్పుకున్నారు. ఆయన్ని ఏమని పిలవాలో నాకు తెగలేదు. బాబాయ్ అంటే ఉజ్వల చెల్లెలవుతుంది. మావయ్యా అంటే మెట్ల మీంచి తోసేస్తారు. ఉత్త 'అండీ'తో నెట్టుకొచ్చాను. పక్కన గుమాస్తా ఇశ్రాయేలు పాత ఇత్తడి తూకం వేస్తూ, మా ఇద్దర్నీ ఎండదెబ్బ తగిలినవాళ్ళని చూసినట్టు చూసేవాడు.

నిజానికి చూసేవాళ్ళకి అట్లాగే ఉండేది. ఫ్లాష్ ముందు మిఠాయి డబ్బాలో కాగితం పెడితే ఏమవుతుందని ఆమె అడిగేది. పెట్టి చూస్తే నీడ మెత్తబడేది. జల్లెడ అడ్డం పెడితే గోడంతా చుక్కలు. బిందె లోపల పెట్టి నొక్కితే బిందె మూతి దగ్గర సూర్యుడు పొడిచినట్టుండేది. శివరామయ్యగారి ఉతికిన పంచె అడ్డం కట్టిన రోజు, స్టీలు గ్లాసు ఫొటో ఎంత బాగా వచ్చిందంటే ఇశ్రాయేలు కూడా తక్కెడ వదిలేసి వచ్చి చూశాడు. ఏం చేసినా ఆమె ముందు ఏమవుతుందో ఊహించి చెప్పేది, తర్వాత నొక్కమనేది. ఊహ తప్పితే ఇంకా సంతోషపడేది. తప్పినప్పుడు సంతోషపడే మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

పది రోజులకి సంగతి నాకు తెలిసిపోయింది. రెండు కాకముందే నేను గడియారం చూస్తున్నాను. ఆదివారం కొట్టు సెలవైతే ఆ రోజంతా నాకు పనికిమాలినదిగా ఉంటోంది. ప్రేమ అని పేరు పెట్టడానికి భయమేసి, వృత్తి మీద శ్రద్ధ అని పేరు పెట్టుకున్నాను.

పన్నెండో రోజున శివరామయ్యగారు స్టూడియోకి వచ్చారు. ఆయన అరవలేదు, అదే ఇంకా భయం. మాచర్ల నుంచి మంచి సంబంధం వచ్చిందన్నారు. అబ్బాయి కాలేజీ లెక్చరర్, నెమ్మదస్తుడు, కట్నం మాటే ఎత్తలేదు. కంటి మాట వాళ్ళ దాకా కూడా పోయింది. అయినా వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి, కళ్ళజోడుతోనే కళ్ళు స్పష్టంగా కనపడేటట్టు ఒక ఫొటో పంపండి చాలు, మిగతావి తర్వాత మాట్లాడుకుందామన్నారట.

"మేం నోటితో ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. ఫొటోతో పోయిన పరువు ఫొటోతోనే రావాల. నువ్వు చేసిన తప్పు నువ్వే దిద్దు," అన్నారు.

ఆయన వెళ్ళాక నేను చాలాసేపు ఆ విరిగిన స్టూలు మీదే కూర్చున్నాను. ఫొటో బాగా తీస్తే ఉజ్వల మాచర్ల వెళ్ళిపోతుంది. కారు మైలేజి చెప్పేవాడైతే నాకు ధైర్యంగా ఉండేది, వీడు లెక్చరరు. బాగా తియ్యకపోతే ఆమె కంటి మీద పడ్డ మాట ఇక చెరగదు. ఫ్లాష్ మళ్ళీ కెమెరా నెత్తిన పెట్టడం అర నిమిషం పని. ఆ అర నిమిషం గురించి నేను రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

ఫొటో రోజున తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. కోటేశ్వరిగారు గుమ్మం దగ్గర పూలమ్మే ఆమెతో బేరం చేస్తుండగా ఉజ్వల ముందు లోపలికొచ్చింది. మామిడిచిగురు రంగు చీర. నేను గొంతు తగ్గించి, మొదట్లో మీరన్నట్టు ఈసారి కూడా బిళ్ళలు పెట్టమంటారా అని అడిగాను.

ఆమె గుమ్మం దగ్గరున్న వాళ్ళమ్మ వంక చూసింది.

"నా ఒక్కదానికోసమైతే పెట్టమనేదాన్నే. అమ్మ గుడికి పోవడం మానేసింది. మంచిగానే తియ్యండి."

"మంచిగా వస్తే మీరు మాచర్ల పోతారు."

"పోతే మీకేంది?"

ఆ ప్రశ్న కూడా మిగతా ప్రశ్నల్లాగే అడిగింది, జవాబు నిజంగా కావాలన్నట్టు. కొక్కెం కర్ర పట్టుకునేవాళ్ళుండరు అన్నాను. అంతకంటే దరిద్రమైన మాట ఇంకోటి దొరకలేదు. అంతేనా అందామె. అంతలో కోటేశ్వరిగారు రెండు మూరల మల్లెపూలతో లోపలికొచ్చారు.

ఇన్నాళ్ళూ కర్ర పట్టింది ఉజ్వల. ఇప్పుడామె కుర్చీలో కూర్చుంది. అందుకని కెమెరాని మూడుకాళ్ళ స్టాండు మీద పెట్టి, పది సెకన్ల టైమరు పెట్టి, నేను పరిగెత్తి పక్కన నిలబడి కర్రని పైకెత్తి పట్టుకోవాలి. కెమెరా మీద ఎర్రలైటు మినుకు మినుకుమంటుంది, పది సెకన్లకి ఫ్లాష్ వెలుగుతుంది. తొమ్మిది తీశాను. తొమ్మిదింట్లోనూ అద్దాలు నిర్మలంగా ఉన్నాయి, కళ్ళు స్పష్టంగా ఉన్నాయి. మనిషి మాత్రం రేషన్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టుంది. నవ్వమ్మా అని కోటేశ్వరిగారు అంటే, ఆమె పళ్ళు చూపించింది గాని నవ్వలేదు.

పదోది ఇంక ఆఖరిదన్నాను. టైమరు నొక్కి వచ్చి కర్ర ఎత్తాను. కోటేశ్వరిగారికి ఫోనొచ్చి అటు తిరిగారు. ఎర్రలైటు కొట్టుకుంటోంది. ఈ పది సెకన్లు పోతే నాకు ఇంకో పది సెకన్లు దొరకవని అర్థమైంది.

"అంతే కాదు," అన్నాను మెల్లగా. "మీరు పోతే నాకు రోజు గడవదు. మీరంటే నాకు చానా ఇష్టం."

ఆమె తల తిప్పింది. ఫ్లాష్ వెలిగింది.

ఆమె లేచి, చీర సర్దుకుని, వాళ్ళమ్మ వెనకాల వెళ్ళిపోయింది. నేను కర్ర దించడం మర్చిపోయి చెయ్యి లాగేదాకా అట్లాగే నిలబడ్డాను.

తర్వాత కంప్యూటర్లో పదో ఫొటో తెరిచాను. అద్దాలు లేనట్టే ఉన్నాయి. తల కొంచెం పక్కకి తిరిగి, పెదవులు విడీవిడకుండా, ఆశ్చర్యం ఇంకా పోకముందే నవ్వు మొదలైన మొహం. నేను తీసిన ఫొటోలన్నిట్లోకీ అదే మంచిది. అది తీసేద్దామని రెండుసార్లు డిలీట్ దాకా వెళ్ళాను. దాన్ని తీసేస్తే నేనన్న మాట కూడా వెనక్కి తీసుకున్నట్టే. ఉంచేశాను. ఏం జరిగితే అది జరుగుతుంది.

సాయంత్రం ముగ్గురూ వచ్చారు. శివరామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒక్కొక్కటే చూపించాను. తొమ్మిదింటికీ తలూపారు. కోటేశ్వరిగారు చేతులు జోడించి, తల్లీ కన్యకా, పరువు దక్కింది అన్నారు. నేను ఆవిడకి ఆ రోజు అన్న మాటకి క్షమాపణ చెప్పాను. పోనీలే బాబూ అన్నారు.

పదోది రాగానే ఆవిడ, ఇదే పంపుదాం, ఎంత కళగా ఉందో అన్నారు. శివరామయ్యగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. మానిటర్ దగ్గరికి వంగారు. ఇన్నేళ్ళుగా కొట్లో కూర్చుని, గుమ్మంలోకొచ్చిన మనిషి మనసు ఏ బిందె మీదుందో చెయ్యి వెయ్యకముందే చెప్పే మనిషి ఆయన. ఎంతసేపు చూశారో నాకు తెలియదు.

"దీంట్లో పిల్ల ఎటు చూస్తంది?" అన్నారు.

"లైటు వైపండీ."

"లైటు ఎవరి చేతిలో ఉంది?"

అబద్ధం చెప్పొచ్చు. స్టాండు మీదుందని చెప్పొచ్చు.

"నా చేతిలోనండీ," అన్నాను.

ఆయన కుర్చీ వెనక్కి తిప్పి కూతుర్ని చూశారు. లైటు చూశావా అమ్మా, మనిషిని చూశావా అని అడిగారు. నేను చెప్పిన మాటకి జవాబు ఆమె నాకింకా ఇవ్వలేదు.

ఉజ్వల వాళ్ళ నాన్న ప్రశ్నని కూడా కాసేపు బుద్ధిగా ఆలోచించింది.

"లైటు చూసినదాన్నయితే కళ్ళు చికిలించేదాన్ని నాన్నా. చికిలించలా గదా," అంది.

కోటేశ్వరిగారికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడబోయారు, విరిగిందండీ అని పట్టుకుని ఆపాను. శివరామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నన్ను ఏం సంపాదిస్తావని అడగలేదు, మా నాన్న లేడు గదా అని అడగలేదు. పదో ఫొటోనే చూస్తూ మాట్లాడారు.

"ఇది మాచర్లకి పంపను. ఒకర్ని చూసి నవ్విన పిల్ల ఫొటో ఇంకొకరికి పంపితే మోసం అయిద్ది. నేను ఇన్నేళ్ళ వ్యాపారంలో సొట్ట గిన్నె కూడా చెప్పకుండా అమ్మలా. ఆ లెక్చరర్ వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పుకుంటా."

మరి కంటి మాట ఎట్లా అని కోటేశ్వరిగారు నీరసంగా అడిగారు. ఆయన దానికీ ఆలోచించే ఉన్నారు. ఈ ఫొటోనే తలుపంత పెద్దది చేయించి కొట్లో గుమ్మానికెదురుగా పెడతానన్నారు. పేట మొత్తం గిన్నెలకని వచ్చి, కళ్ళు ఎట్లా ఉన్నాయో చూసి పోతుందన్నారు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ నా వంక ఒకసారి చూశారు. ఆ చూపులో పూర్తిగా కోపం లేదని మాత్రం చెప్పగలను.

"మీ అమ్మగారి ఫోన్ నంబరియ్యి," అన్నారు శివరామయ్యగారు, జేబులోంచి ఫోన్ తీసి.

రోజూ చేసే నంబరే. తొమ్మిది అన్నాను, ఎనిమిది అన్నాను, ఆ తర్వాత ఒక్క అంకె గుర్తుకు రాలేదు. నా ఫోన్ ఎక్కడ పెట్టానో కూడా గుర్తుకు రాలేదు. బల్ల మీద కాగితాలన్నీ కింద పడేస్తూ వెతుకుతున్నాను.

వెనకనుంచి ఉజ్వల గొంతు పది అంకెలూ తడుముకోకుండా చెప్పేసింది.

గదిలో ముగ్గురం ఆమె వైపు తిరిగాం. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది.

"మధ్యాహ్నం అమ్మని ఇంటికాడ దించి, వాళ్ళమ్మగారి దగ్గరికెళ్ళి తీసుకున్నా నాన్నా," అంది. "ఆదివారం మనింటికి మాట్లాడ్డానికి వస్తామన్నారు."